కుండీలోని మందారం మొగ్గలు రాలుస్తుంటే ఏం చేయాలి

పెదవాల్తేరు పాత ఇళ్ళ అరుగుల దగ్గర నుంచి మధురవాడ అపార్ట్‌మెంట్ల బాల్కనీల దాకా, విశాఖపట్నంలో మందారపు కుండీ కనిపించని వీధి అరుదు. పూజకు రోజూ నాలుగు పూలు దొరుకుతాయన్న ఆశతో తెచ్చుకున్న ఆ మొక్క ఆకులు పసుపెక్కి, మొగ్గలు విచ్చుకోకుండానే రాలుతుంటే, చాలామంది ముందుగా చేసే పని దగ్గరలోని దుకాణంలో ఏదో ఒక పురుగుమందు సీసా కొని కొట్టడం. కారణం తెలియక ముందే మందు కొట్టవద్దని మీకు గట్టిగా చెప్పదలచుకున్నాను. కుండీలో పెరిగే మందారానికి వచ్చే ఇబ్బందుల్లో చాలావాటికి మూలం వేళ్ళ దగ్గర, అంటే నీటిలోనూ మట్టిలోనూ ఉంటుంది. పురుగు పట్టిన మొక్కల్లో కూడా ఏ పురుగో తెలియకుండా కొట్టిన మందు ఆ పురుగును తినే మిత్రపురుగులను ముందుగా చంపి, ఇబ్బందిని రెట్టింపు చేస్తుంది. కాబట్టి ఇక్కడ చెప్పే పనులను ఇదే వరుసలో చేయండి. ఒక భూతద్దం, ఒక తెల్ల కాగితం, శుభ్రమైన కత్తెర ఉంటే పరీక్షకు చాలు. భూతద్దం లేకపోతే ఫోను కెమెరాతో దగ్గరగా ఫొటో తీసి పెద్దది చేసి చూసుకోవచ్చు.

ముందు అది జబ్బో కాదో తేల్చుకోండి

మందారం పువ్వు సాధారణంగా ఒక్క రోజే నిలుస్తుంది. ఉదయం విచ్చుకున్న పువ్వు సాయంత్రానికి ముడుచుకుని, మరునాడో ఆ మరునాడో తొడిమతో సహా రాలిపోతుంది. కొన్ని హైబ్రిడ్ రకాల పూలు మాత్రం రెండు రోజులు ఉంటాయి. కుండీ కింద రాలినవాటిని చేతిలోకి తీసుకుని చూడండి. రెక్కలు మెత్తబడి చుట్టుకుపోయి ఉంటే అది పూసి రాలిన పువ్వు, దానికి చికిత్స అవసరం లేదు. ఆకుపచ్చని రక్షక పత్రాలు ఇంకా మూసుకునే ఉండి, రెక్కలు బయటికి రాకముందే రాలితే అది మొగ్గ రాలుడు. మీరు పట్టించుకోవలసింది దానినే.

అలాగే కొమ్మ అడుగున ఉన్న ముదురు ఆకు ఒకటో రెండో వారానికి పసుపెక్కి రాలడం సహజం. కొత్తగా కొన్న మొక్క మొదటి రెండు మూడు వారాల్లో ఆకులు, మొగ్గలు రాల్చడం కూడా అంతే. మన నర్సరీలకు వచ్చే మొక్కలు చాలావరకు కడియం ప్రాంతం నుంచి లారీల్లో వస్తాయి. నీడవలల కింద, చుట్టూ వందల మొక్కల మధ్య పెరిగినది ఒక్కసారిగా సముద్రపు గాలి కొట్టే ఐదో అంతస్తు బాల్కనీలోకి వస్తే, తేరుకోవడానికి దానికి కొంత వ్యవధి కావాలి. ఆ రోజుల్లో ఎరువు వేయకండి, కుండీని రోజుకొక చోటికి మార్చకండి.

నీరు, వేళ్ళు

రెండవ పనిగా వేలిని మట్టిలోకి రెండు కణుపుల లోతు దించండి. పైన ఎండి పొడిగా కనిపించే మట్టి లోపల బురదగా ఉండవచ్చు. పైన తడిగా కనిపించేది లోపల రాయిలా ఎండిపోయి ఉండనూ వచ్చు. వేలికి తడి మట్టి అంటుకుంటే ఆ రోజు నీరు పోయవద్దు. అంటుకోకపోతే, కుండీ అడుగు రంధ్రంలోంచి నీరు కారే దాకా నిదానంగా పోయండి. రోజూ ఒక చెంబెడు అన్న లెక్క పెట్టుకోవడం వల్ల వానాకాలంలో వేళ్ళు కుళ్ళుతాయి, ఏప్రిల్, మే నెలల్లో మొగ్గలు ఎండుతాయి.

ఇక్కడ ఎక్కువమంది పొరబడే విషయం ఒకటుంది. నీరు చాలకపోయినా మొక్క వాడుతుంది, నీరు ఎక్కువైనా వాడుతుంది. వేళ్ళకు నీటితో పాటు గాలి కూడా కావాలి. మట్టిలోని ఖాళీలన్నీ నీటితో నిండి రోజుల తరబడి అలాగే ఉంటే వేళ్ళకు ఊపిరాడదు, చనిపోయిన వేరు నీటిని పైకి పంపలేదు. అందుకే నీటి మధ్యలో ఉన్న మొక్క కూడా దాహంతో ఉన్నట్టు తలవాలుస్తుంది. దాన్ని చూసి మరింత నీరు పోస్తే ఇక కోలుకోదు. మట్టి తడిగా ఉండి ఆకులు వాడితే వేళ్ళను అనుమానించండి. మట్టి ఎండి ఆకులు వాడితే నీరు పోసి సాయంత్రం దాకా చూడండి, నిటారుగా లేస్తే అక్కడితో విషయం తేలిపోయినట్టే.

వేళ్ళను అనుమానించినప్పుడు చూడక తప్పదు. కుండీని పక్కకు వంచి, అంచులను అరచేతితో తట్టి, మట్టి ముద్దను చెదరకుండా బయటికి లాగండి. బాగున్న వేరు తెల్లగానో లేత గోధుమ రంగులోనో ఉండి గట్టిగా ఉంటుంది. కుళ్ళిన వేరును రెండు వేళ్ళ మధ్య పట్టుకుని లాగితే పైతోలు జారి చేతికి వచ్చేస్తుంది, లోపల సన్నని దారం లాంటి నడిమి భాగం మాత్రమే మిగులుతుంది. మురుగు వాసన కూడా వస్తుంది. ఇంకొక పరిస్థితి కూడా మీకు కనిపించవచ్చు. నర్సరీ సంచిలో వచ్చిన జిగురు మట్టి ముద్ద అలాగే గట్టిపడి మధ్యలో ఉండి, చుట్టూ మీరు నింపిన మెత్తని మిశ్రమం వేరుగా ఉంటుంది. అలాంటప్పుడు మీరు పోసిన నీరు మెత్తని భాగంలోంచి జారిపోతుంది. అసలు వేళ్ళున్న ముద్ద ఎండకాలంలో తడవదు, వానలు పట్టినప్పుడు ఆరదు.

కుళ్ళు కనిపిస్తే ఇలా చేయండి. పాత మట్టిని వీలైనంత విడదీసి వేళ్ళను కుళాయి నీటితో కడగండి. మెత్తబడిన వేళ్ళను గట్టి భాగం కనిపించే దాకా కత్తిరించండి. ప్రతి కోతకూ ముందు కత్తెరను స్పిరిట్‌తో తుడవండి. వేళ్ళు తగ్గినప్పుడు అవి మోయలేనంత ఆకు పైన ఉండకూడదు కాబట్టి కొమ్మలను కూడా మూడోవంతు తగ్గించండి. తర్వాత కొత్త మిశ్రమంలో నాటి, లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ అనే రాగి శిలీంధ్రనాశిని కలిపి మొదలు చుట్టూ తడిసేలా ఒకసారి పోయండి. కుళ్ళు తెగుళ్ళను అణిచే ట్రైకోడెర్మా పొడి వాడదలచుకుంటే రెండు మూడు వారాలు ఆగి, చివికిన ఎరువులో కలిపి వేయండి. ట్రైకోడెర్మా కూడా శిలీంధ్రమే కనుక రెండూ ఒకేసారి వేస్తే రాగి మందు దాన్ని బతకనివ్వదు. పది రోజులు వెలుతురున్న నీడలో ఉంచండి, కొత్త చిగురు కనిపించే దాకా ఎరువు జోలికి పోకండి.

మిశ్రమానికి రెండు పాళ్ళు ఎర్రమట్టి, ఒక పాలు గరుకు ఇసుక, ఒక పాలు బాగా చివికిన పశువుల ఎరువు లేదా వర్మీ కంపోస్టు, కుండీకి ఒక గుప్పెడు వేపపిండి సరిపోతాయి. సముద్రపు ఇసుకను ఎంత కడిగినా వాడకండి, అందులో ఉప్పుతో పాటు గవ్వల సున్నం కూడా ఉంటుంది. భీమిలి దారిలోని ఎర్రమట్టి దిబ్బల నుంచి తెచ్చామని ఎవరైనా అమ్మితే దయచేసి కొనవద్దు. అవి జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తింపు పొందినవి, ఒక్క బస్తా కూడా అక్కడి నుంచి కదలకూడదు. పైగా అది చాలావరకు ఇసుకే కాబట్టి మొక్కకు ఒరిగేది కూడా తక్కువ. ఇల్లు కట్టిన చోట మిగిలిన మట్టిని నింపుకోవడం కూడా మంచిది కాదు. అందులో కలిసిన సిమెంటు, సున్నపు పెళ్ళల వల్ల వచ్చే నష్టం గురించి కింద ఆకుల రంగు దగ్గర చెబుతాను.

జూన్ నుంచి సెప్టెంబరు దాకా నైరుతి వానలు, ఆ తర్వాత అక్టోబరులో వాయుగుండాలు, తుపానులు మోసుకొచ్చే వానలు మనకు తెలిసినవే. ఈ నెలల్లో కుండీల కింద పళ్ళేలు తీసేయండి, రెండు ఇటుకల మీద కుండీని ఎత్తి పెట్టండి, అడుగు రంధ్రం మూసుకుపోయిందేమో పుల్లతో పొడిచి చూడండి. ఎండకాలంలో ఆ ఇటుకలే డాబా గచ్చు వేడి కుండీకి తగలకుండా కాపాడతాయి. కొబ్బరి పొట్టు ఎక్కువగా ఉన్న మిశ్రమం ఒకసారి పూర్తిగా ఎండిపోతే నీటిని వెంటనే పీల్చుకోకపోవచ్చు. పోసిన నీరు కుండీ గోడ పక్కగా దిగి వెంటనే కింద కారిపోతుంది, చూసేవారికి నిండా తడిసిందనిపిస్తుంది. అప్పుడు కుండీని నీళ్ళ బకెట్టులో అరగంట పాటు దించి ఉంచండి. మే నెలలో మధ్యాహ్నం వాడి, సాయంత్రానికి తేరుకునే మొక్క మొగ్గలను కూడా రాల్చేస్తుంది. దానికి పొద్దున్న, సాయంత్రం రెండుసార్లు నీరు పోసి, మట్టి మీద ఎండుటాకులో కొబ్బరి పీచో రెండంగుళాల మందాన పరచండి.

ఏ ఆకు పసుపెక్కింది?

వేళ్ళు బాగున్నాయని తేలాక ఆకుల రంగును చదవండి. ఇందులో ముఖ్యమైనది పసుపు ముందుగా ఎక్కడ మొదలైందన్న సంగతి. నత్రజని, మెగ్నీషియం వంటి పోషకాలను మొక్క ముదురు ఆకుల నుంచి లాక్కుని చిగుళ్ళకు పంపుకోగలదు, కాబట్టి అవి తగ్గినప్పుడు కింది ఆకులు ముందుగా పాలిపోతాయి. ఇనుమును అలా తరలించుకోలేదు, కాబట్టి అది అందనప్పుడు లేత ఆకులే ముందుగా దెబ్బతింటాయి.

కింది ఆకు మొత్తం సమంగా పాలిపోయి, మొక్క ఎదుగుదల కూడా మందగిస్తే నత్రజని చాలలేదని అర్థం. నెలకొకసారి రెండు గుప్పెళ్ళ వర్మీ కంపోస్టు వేసి మట్టిని పైపైన గుల్ల చేయండి. వెంటనే ఫలితం కావాలనుకుంటే నత్రజని, భాస్వరం, పొటాష్ సమపాళ్ళలో ఉండే 19:19:19 ఎరువును లీటరుకు 2 గ్రాముల చొప్పున పదిహేను రోజులకొకసారి ఇవ్వండి. కింది ఆకుల్లో ఈనెలు పచ్చగానే ఉండి వాటి మధ్య భాగం పసుపెక్కితే మెగ్నీషియం లోపం. దానికి లీటరు నీటిలో ఒక చెంచా మెగ్నీషియం సల్ఫేట్, అంటే ఎప్సమ్ సాల్ట్ కలిపి రెండు వారాలకొకసారి రెండు మూడు దఫాలు పోయండి.

లేత ఆకులు నిమ్మపండు రంగుకు తిరిగి, వాటి మీద ఈనెలు మాత్రం ఆకుపచ్చని వలలా స్పష్టంగా కనిపిస్తుంటే అది ఇనుము అందకపోవడం. ఇనుము అందడం లేదంటే మట్టిలో ఇనుము లేదని అనుకోనక్కరలేదు, మన ఎర్రమట్టికి ఆ రంగు వచ్చిందే ఇనుము వల్ల. మట్టిలో సున్నం ఎక్కువై క్షారగుణం పెరిగినప్పుడు ఉన్న ఇనుము కూడా వేరుకు అందని రూపంలోకి మారిపోతుంది. బోరు నీటి గట్టిదనం, సిమెంటు పెళ్ళలు కలిసిన మట్టి, అతిగా వేసిన బోన్‌మీల్, డీఏపీ వంటి భాస్వరపు ఎరువులు ఇందుకు సాధారణ కారణాలు. భాస్వరం ఎక్కువైనా ఇనుము అందదు, మందారానికి భాస్వరం అవసరం అంతగా ఉండదు. మొక్క సులభంగా పీల్చుకునేలా తయారుచేసిన ఇనుము, అంటే చిలేటెడ్ ఐరన్‌ను లీటరుకు అర గ్రాము చొప్పున కలిపి సాయంత్రం ఆకుల మీద పిచికారీ చేయండి. అది దొరకకపోతే 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ ఆమ్లం) లీటరు నీటిలో కలిపి, ముందు ఒకటి రెండు ఆకుల మీద పరీక్షించి, మాడకపోతే మిగతా మొక్క మీద చల్లండి. అన్నభేది నీరు పాలరాతి మీదా గచ్చు మీదా పడితే తుప్పు మరక పోదు కనుక కుండీ కింద పాత సంచి పరచుకోండి. పది రోజుల్లో కొత్తగా వచ్చే ఆకులు పచ్చగా వస్తాయి. ఇప్పటికే పసుపెక్కినవి పూర్తిగా మారకపోవచ్చు, వాటిని చూసి మళ్ళీ మళ్ళీ కొట్టకండి.

వంటింటి చిట్కాల గురించి అడిగేవారు ఎక్కువ కాబట్టి ఒక మాట. గుడ్డు పెంకుల పొడి సున్నమే. ఇనుము అందక పసుపెక్కిన మొక్కకు అది మేలు చేయకపోగా కీడు చేస్తుంది. పాలు, చక్కెర కలిసిన టీ పిప్పిని కడగకుండా వేస్తే చీమలు చేరతాయి, చీమలు ఏం తెచ్చిపెడతాయో కింద పిండినల్లి అనే పురుగు దగ్గర చూద్దాం.

ఆకు అంచులు మాడితే

ఆకు అంచు గోధుమ రంగుకు తిరిగి, కరకరలాడుతూ లోపలికి మాడుకుంటూ వస్తుంటే ఉప్పును అనుమానించండి. బీచ్ రోడ్డు, లాసన్స్ బే కాలనీ, రుషికొండ వైపు సముద్రానికి ఎదురుగా ఉన్న బాల్కనీల్లో గాలితో వచ్చే తుంపర ఆకుల మీద ఎండి ఉప్పు పొరగా మిగులుతుంది. తీరానికి దగ్గరి బోర్లలో నీరు కూడా ఉప్పగా ఉండవచ్చు. కుండీ అంచు వెంబడి, మట్టి పైన తెల్లటి పొక్కులాంటి పొర కట్టి ఉంటే మట్టిలోనే ఉప్పు చేరిందని తెలుసుకోండి, ఎరువు మోతాదు మించినా ఇదే గుర్తు కనిపిస్తుంది. ఆ పొరను గీకి తీసేసి, కుండీ పరిమాణానికి మూడింతల మంచినీటిని విడతలు విడతలుగా పోసి అడుగు నుంచి పూర్తిగా కారనివ్వండి. అందుకు బోరు నీరు కాక కుళాయి నీరో, పట్టి ఉంచిన వాన నీరో వాడండి. సముద్రం వైపు ఉన్న మొక్కల ఆకులను వారానికొకసారి పొద్దున్నే మంచినీటితో కడగండి.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను తీరం దాటిన తర్వాత నగరంలో నిలిచిన చెట్ల ఆకులు కూడా మాడిపోయి కొండలే గోధుమ రంగుకు తిరగడం చూసినవారికి ఉప్పుగాలి బలమెంతో చెప్పనక్కరలేదు. తుపాను హెచ్చరిక వినగానే కుండీలను గోడ వారకు చేర్చండి. గాలి తగ్గిన వెంటనే, ఎండ రాకముందే, ఆకులన్నీ తడిసేలా మంచినీరు చల్లండి. ఆకులు రాలినంత మాత్రాన మొక్కను తీసేయకండి. బెరడును గోటితో కొద్దిగా గీకితే కింద పచ్చగా ఉన్నంత వరకు అది చిగురిస్తుంది.

నల్లటి పొర కనిపిస్తే తడిబట్టతో తుడవండి

పాత నగరం, జ్ఞానాపురం వైపు ఇళ్ళలో ఆకుల మీద నల్లదుమ్ము పడటం మామూలే, దాన్ని మసి తెగులని పొరబడి మందు కొట్టేవారున్నారు. దుమ్ము తడిబట్టతో ఒక్కసారి తుడిస్తే పోతుంది, తుడిచిన ఆకు నున్నగా ఉంటుంది. మసి తెగులైతే ఆకు చేతికి జిగటగా తగులుతుంది, నల్లపొర పెచ్చులుగా లేస్తుంది. ఆ జిగట పైకొమ్మల్లో రసం పీల్చే పురుగులు విసర్జించిన తేనెబంక, దాని మీద పెరిగిన బూజే ఆ నలుపు. కాబట్టి మసికి విడిగా శిలీంధ్రనాశిని అవసరం లేదు, పైన ఉన్న పురుగును వెతికి వదిలించండి. దుమ్ము పట్టిన ఆకులను మాత్రం కడుగుతూనే ఉండాలి, దుమ్ము వెలుతురును అడ్డుకుంటుంది, కింద చెప్పబోయే ఎర్రనల్లి అనే పురుగుకు అనువుగానూ ఉంటుంది.

ఆకు అడుగు, చిగురు, మొగ్గ: పురుగుల వేట

మందారానికి మన ప్రాంతంలో పెద్ద శత్రువు పిండినల్లి. చిగుళ్ళలో, ఆకు తొడిమ కొమ్మను కలిసే మూలల్లో, మొగ్గ అడుగున దూది పోగుల్లా తెల్లగా గుంపులు కడుతుంది. అది రసం పీల్చిన చిగురు ముడుచుకుని గిడసబారి, ఆకులన్నీ ఒకచోట కుచ్చులా కుదించుకుపోతాయి. ఫిబ్రవరి నుంచి వానలు పడే దాకా దీని ఉద్ధృతి ఎక్కువ. ఒంటి మీది మైనపు పొర వల్ల మందు దానికి సులభంగా అంటదు, గుడ్ల సంచి లోపలికి అసలే పోదు. అందుకే ఒక్కసారి కొట్టి ఊరుకుంటే వారం తిరిగేసరికి మళ్ళీ కనిపిస్తుంది.

ముందుగా ఆ కుండీని మిగతావాటి నుంచి దూరంగా పెట్టండి. పూర్తిగా ముడుచుకుపోయిన చిగుళ్ళను కత్తిరించి, కింద పడేయకుండా కవరులో వేసి ముడి కట్టి పారేయండి. మిగిలిన గుంపులను మందుల దుకాణంలో దొరికే స్పిరిట్‌లో ముంచిన దూదితోనో పాత టూత్‌బ్రష్‌తోనో ఒక్కొక్కటిగా తుడవండి. లేత ఆకు మాడుతుందేమో ముందు ఒక ఆకు మీద పరీక్షించుకోండి. ఆ తర్వాత పైపు నీటిని బలంగా కొట్టి కడిగి, మరునాటి సాయంత్రం వేపనూనె పిచికారీ చేయండి (కలిపే పద్ధతి కింద ఉంది). ఇదంతా వారానికొకసారి, కనీసం మూడు వారాలు చేయాలి. ఇంతకంటే తేలిక మార్గం చెప్పాలని నాకూ ఉంది, కానీ ఇంటి మొక్కకు ఇంతకంటే నమ్మకమైనది లేదు.

చీమల వరుస కనిపిస్తే అశ్రద్ధ చేయకండి. తేనెబంక కోసం చీమలు పిండినల్లిని ఒక కొమ్మ నుంచి మరొక కొమ్మకు మోసుకుపోతాయి, దాన్ని తినడానికి వచ్చిన పురుగులను తరిమేస్తాయి కూడా. కుండీ కింద నీళ్ళ పళ్ళెం అమర్చండి. నీరు కుండీ అడుగుకు తగలకుండా మధ్యలో ఇటుక ఉండాలి, దోమలు చేరకుండా రెండు రోజులకొకసారి నీరు మార్చాలి. మొక్క గోడకో మరొక కుండీకో ఆనుకుని ఉంటే చీమలకు అదే వంతెన, కాబట్టి ఎడంగా జరపండి.

తుడిచే ముందు మాత్రం భూతద్దంతో ఒకసారి చూడండి. పిండినల్లి మధ్యలో దానికంటే పెద్దగా, పొడవైన తెల్లటి మైనపు పోగులతో, చురుగ్గా నడిచే పిల్లపురుగు కనిపిస్తే అది క్రిప్టోలీమస్ అనే అక్షింతల పురుగు పిల్ల, పిండినల్లినే తిని బతుకుతుంది. 1898లో ఆస్ట్రేలియా నుంచి మన దేశానికి తెచ్చిన మిత్రపురుగు అది. పిండినల్లిగా పొరబడి దాన్ని నలిపేసేవారు చాలామంది. అలాగే కొన్ని పిండినల్లులు కదలకుండా ఉబ్బి, గట్టిపడి, గోధుమ రంగుకు తిరిగి కనిపిస్తే వాటి లోపల పరాన్నజీవి కందిరీగ పిల్ల పెరుగుతోందని అర్థం, వాటిని ముట్టుకోకండి. ఇలాంటి చిన్న కందిరీగల శక్తి తక్కువది కాదు. 2008లో కోయంబత్తూరు ప్రాంతంలో బయటపడి బొప్పాయి తోటలను, మందారాలను కూడా పట్టిపీడించిన బొప్పాయి పిండినల్లిని అదుపు చేసింది 2010లో ప్యూర్టోరికో నుంచి తెప్పించి వదిలిన ఎసిరోఫేగస్ అనే కందిరీగే. ఘాటైన పురుగుమందు కొట్టిన ఇంట్లో వీటిలో ఏదీ మిగలదు.

పేనుబంక చిగుళ్ళ మీద పచ్చగానో నల్లగానో గుంపుగా చేరుతుంది, నీటిని బలంగా కొడితే చాలావరకు పోతుంది. కొమ్మను కదిపినప్పుడు తెల్లటి చిన్న రెక్కల పురుగులు లేచి ఎగిరితే తెల్లదోమ, దానికి పసుపు రంగు జిగురు అట్ట ఒకటి మొక్క ఎత్తులో కట్టి, ఆకు అడుగున వేపనూనె కొట్టండి.

మొగ్గలు రాలడానికి ముఖ్యమైన పురుగు తామర పురుగు. నీరు, ఎండ సరిగ్గా ఉన్నా మొగ్గలు రాలుతుంటే, కొమ్మ మీద ఉన్న మొగ్గ కింద తెల్ల కాగితం పట్టుకుని మొగ్గను వేలితో నాలుగైదు సార్లు తట్టండి. సుమారు ఒక మిల్లీమీటరు పొడవున సన్నని గీతలాంటి పసుపు లేదా గోధుమ రంగు పురుగులు కాగితం మీద పాకుతూ కనిపిస్తాయి. రాలిన మొగ్గను గోళ్ళతో విప్పి చూస్తే రెక్కల అంచులు మాడి, లోపల చిన్న నల్లచుక్కలు ఉంటాయి. ఈ పురుగు మొగ్గ లోపల దాక్కుంటుంది, తర్వాత మట్టిలోకి దిగి కోశస్థ (ప్యూపా) దశ గడిపి మళ్ళీ పైకి వస్తుంది. అందుకని పైన కొట్టిన మందు ఒక్కటే చాలదు. రాలిన మొగ్గలను ఏ రోజుకారోజు ఏరి పారేయండి. పురుగు తీవ్రంగా ఉంటే మొక్క మీద ఉన్న మొగ్గలన్నీ ఒకసారి తుంచేయండి, మనసొప్పకపోయినా రెండు వారాలకు దాని ఫలితం కనిపిస్తుంది. మట్టి పైపొరను గుల్ల చేసి గుప్పెడు వేపపిండి కలపండి, నీలిరంగు జిగురు అట్ట కట్టండి, ఐదారు రోజుల ఎడంతో మూడుసార్లు వేపనూనె కొట్టండి. వీటన్నిటికీ లొంగకపోతేనే స్పైనోసాడ్ 45 శాతం మందును లీటరుకు 0.3 మిల్లీలీటర్ల చొప్పున వాడండి. అది తేనెటీగలకు హాని చేస్తుంది కాబట్టి పూలన్నీ కోసేసి, పొద్దుగూకాక మాత్రమే కొట్టాలి.

వాన తుంపర పడని చూరు కింద, ఏసీ యూనిట్ వేడిగాలి తగిలే మూలలో ఉన్న మొక్కల ఆకుల మీద సూదితో పొడిచినట్టు లేత చుక్కలు వచ్చి, అడుగున సన్నని గూడు కనిపిస్తే ఎర్రనల్లి. మూడు రోజులకొకసారి ఆకు అడుగును నీటితో కడగడం చాలాసార్లు సరిపోతుంది. చాలకపోతే నీటిలో కరిగే గంధకాన్ని లీటరుకు 3 గ్రాముల చొప్పున, ఎండ తీవ్రత లేని సమయంలో కొట్టండి. వేపనూనె కొట్టిన రెండు వారాల లోపు గంధకం వాడితే ఆకులు మాడతాయి.

వేపనూనె కలిపే పద్ధతి

నీటిలో నేరుగా పోసిన నూనె పైన తేలి, మొదట నీరు, చివర చిక్కటి నూనె చిమ్ముతుంది. వేపనూనె పని చేయలేదన్న ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం ఈ కలపడంలోని లోపం వల్లే వస్తాయి. 5 మిల్లీలీటర్ల నూనెలో అర చెంచా ద్రవ సబ్బు లేదా చిక్కటి కుంకుడు రసం వేసి తెల్లగా అయ్యేదాకా గిలకొట్టండి. అందులో గోరువెచ్చని నీరు కొద్దికొద్దిగా పోస్తూ లీటరు చేయండి. కలిపిన ద్రావణాన్ని ఆ పూటే వాడేయాలి. ఎండ దిగాక, ఆకు అడుగు నుంచి మొదలుపెట్టి పైకి, నీరు కారే దాకా తడపండి. వాడి ఉన్న మొక్కకు, ఎండిన మట్టిలో ఉన్న మొక్కకు కొట్టకండి, ముందు రోజు నీరు పోయండి. ఏ మందు కొట్టినా ఆ వారం పూలను కషాయానికీ తలనూనెకూ వాడకండి.

ఆకులు నిగనిగలాడుతూ పూలు లేకపోతే

ఇక్కడ రెండే ప్రశ్నలు. రోజుకు ఐదారు గంటల నేరు ఎండ పడుతోందా? పడకపోతే ఎరువులతో పూలు రావు, కుండీని మార్చవలసిందే. నత్రజని ఎరువు ఎక్కువ వేశారా? అయితే ఆపేసి, నత్రజని తక్కువగా, పొటాష్ ఎక్కువగా ఉండే 13:0:45 ఎరువును లీటరుకు 2 గ్రాముల చొప్పున పక్షానికొకసారి ఇవ్వండి. మందారం కొత్త కొమ్మ మీదే పూస్తుంది కాబట్టి ఫిబ్రవరిలో ప్రతి కొమ్మనూ మూడోవంతు, బయటి వైపు చూసే కన్నుకు, అంటే చిగురు వచ్చే చోటుకు, కొద్దిగా పైన ఏటవాలుగా కత్తిరించండి. రెండు నెలలకు అటూఇటూగా మొగ్గలు వస్తాయి. ముసురు పట్టిన రోజుల్లో కొమ్మలు కత్తిరిస్తే కోత దగ్గర నుంచి కొమ్మ ఎండుకుంటూ కిందికి వస్తుంది. అప్పటికే అలా ఎండుతున్న కొమ్మ ఉంటే పచ్చని కండ కనిపించే దాకా కోసి, కాపర్ ఆక్సీక్లోరైడ్‌ను ముద్దగా కలిపి కోత మీద పూయండి.

వేళ్ళు పూర్తిగా పోయి, మొదలు దగ్గర బెరడు కూడా నల్లబడితే ఆ మొక్కను కాపాడలేరు. కానీ పైకొమ్మల్లో పచ్చదనం ఉన్నంతసేపు ఆ రకాన్ని నిలుపుకోవచ్చు. పెన్సిలు మందం కొమ్మలను జానెడు ముక్కలుగా కోసి, పైన రెండు ఆకులు సగానికి తుంచి ఉంచి, తడి ఇసుక, కొబ్బరి పొట్టు సమంగా కలిపిన చిన్న సంచుల్లో నాటి నీడలో పెట్టండి. వానాకాలంలో అయితే నెల నుంచి నెలన్నరలో వేళ్ళు పడతాయి. కుళ్ళిన మొక్క ఉన్న మట్టిని మరొక కుండీలో వేయకండి. ఖాళీ కుండీని సబ్బుతో తోమి, నాలుగు రోజులు నిండు ఎండలో బోర్లించాకే అందులో కొత్త మొక్క నాటండి.